పైపు జరగాలంటే ముందు కాగితం జరగాలి

డాలస్ దగ్గర ఒక పాత మాల్. రెండు చివరలా పెద్ద స్టోర్లు, మధ్యలో ఎండిపోయిన ఫౌంటెన్, చుట్టూ ఖాళీ పార్కింగ్. అమెరికాలో పూర్తిగా కప్పు కింద ఉండే మొదటి మాల్ 1956లో మిన్నెసోటాలో తెరిచారు. ఆ తర్వాత ఊరూరా లేచిన వాటిలో ఇదొకటి. ఇప్పుడు జనం రావడం లేదు కాబట్టి కూల్చేసి అపార్ట్‌మెంట్లు, హోటల్ కడుతున్నారు. కూల్చేది మేం కాదు, కట్టేదీ మేం కాదు. ఆ నేల కింద ఉన్న నీళ్ల పైపు, మురుగు పైపు, కరెంటు, గ్యాస్, ఫోన్ లైన్లు కొత్త బిల్డింగుల కింద పడకుండా పక్కకు జరిపించడం మా ఆఫీసు పని.

ఈ మాట కోస్గిలో చెబితే మా పెద్దనాయన నవ్వాడు. ఆయన ఒకప్పుడు గుంపు మేస్త్రీ. మా దిక్కు జనాన్ని బొంబాయి బస్సెక్కించుకుని పోయి కేబుల్ గుంతలు తవ్వించినవాడు.

"నేను తవ్విచ్చిన గుంతలే నువ్వూ తవ్విస్తున్నవ్. దానికి గంత సదువెందుకురా?"

"తవ్వుడు ఆఖర్న పెద్దనాయనా. ముందంతా కాగితాలే."

మాల్ కట్టినప్పుడే నగరపాలక సంస్థ, కరెంటు, గ్యాస్, ఫోన్ కంపెనీలు యజమాని దగ్గర హక్కు రాయించుకున్నాయి. నేల యజమానిదే, పన్ను కట్టేదీ అతనే. కానీ పైపు పోయే ఆ పదిహేను, ఇరవై అడుగుల పట్టీ మీద బిల్డింగ్ లేపకూడదు. రిపేరు వస్తే వాళ్లొచ్చి తవ్వుకుంటారు. ఇదే ఈజ్‌మెంట్. కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డులకు ఎక్కింది కాబట్టి మాల్ ఎన్ని చేతులు మారినా ఆ హక్కు పోదు. కొన్ని పత్రాల్లో కొలతలు స్పష్టంగా ఉంటాయి. కొన్నిట్లో లైన్ ఎక్కడ వేసుకుంటే అక్కడే హక్కు అన్నట్టు రాసి వదిలేశారు. అవి కనబడితేనే మాకు టెన్షన్. మొత్తం స్థలం వాళ్ల గుప్పిట్లో ఉన్నట్టే కదా.

కాగితంలో ఉన్నచోటే భూమిలో కూడా ఉంటుందనీ లేదు. తవ్వే ముందు చెప్పాల్సిన నంబరు 811. దానికి ఫోన్ చేస్తే లైన్ల వాళ్లొచ్చి తారు మీద రంగులు కొట్టిపోతారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాస్, నీలం మంచినీళ్లు, ఆకుపచ్చ మురుగు, నారింజ ఫోన్. ఆ గీత ఉజ్జాయింపే, లోతు చెప్పదు. అందుకని వాక్యూమ్ ట్రక్కు తెప్పించి, మట్టిని పీల్చి, అడుగు వెడల్పు రంధ్రం చేసి టేపు దింపుతారు. మా దగ్గర నీలం గీతకు మూడడుగుల అవతల దొరికింది పైపు.

ఈ ముచ్చట పెద్దనాయనకు బాగా నచ్చింది. "కరెంటు కేబుల్ మీద ఇటుకలు పరిచి ఉంటయ్. ఇటుక తగలంగనే గడ్డపార పక్కన పెట్టి చేత్తో తియ్యాలె. చెప్పినా ఇనకుండ పోటేసినోళ్లను ఎంతమందిని జూసిన్నో" అన్నాడు.

అన్నిటికన్నా మొండిది మురుగు పైపు. నీళ్ల పైపులో ఒత్తిడి ఉంటుంది, ఎటు తిప్పినా పోతుంది. మురుగు వాలు మీదే పోవాలి. 8 అంగుళాల పైపుకు వంద అడుగులకు కనీసం నాలుగు అంగుళాల పైన వాలు ఉండాలి. తిన్నగా పోయేదాన్ని హోటల్ చుట్టూ తిప్పితే పొడవు పెరుగుతుంది, కింద కలిసే మ్యాన్‌హోల్ మాత్రం ఉన్న లోతులోనే ఉంటుంది, దాంతో వాలు చాలదు. పైగా టెక్సస్‌లో మంచినీళ్ల పైపుకు, మురుగు పైపుకు మధ్య తొమ్మిది అడుగుల ఎడం వదలాలి. ఇవన్నీ చెప్పి గోడ రెండడుగులు లోపలికి జరపమంటే ఆర్కిటెక్టుకు కోపం. నేల వాలు నా చేతిలో లేదని ఆయనకు ఎవరు చెప్పాలి?

వరస కూడా తప్పకూడదు. ముందు కొత్త పట్టీ రాసిచ్చి రిజిస్టర్ చేయించాలి. స్థలం మీద అప్పిచ్చిన బ్యాంకు కూడా ఒప్పుకుని సంతకం పెట్టాలి, లేకపోతే రేపు బ్యాంకు జప్తు చేస్తే ఆ హక్కు ఎగిరిపోతుంది. తర్వాత కొత్త పైపు వేసి, ఒత్తిడి పరీక్ష చేసి, క్లోరిన్‌తో కడిగి, నీళ్ల శాంపిల్ ల్యాబ్‌లో పాసయ్యాక నగరం వాళ్లు తీసుకుంటారు. అప్పుడే పాతదాన్ని వదులుకుంటున్నట్టు రాసిస్తారు. పాత పైపును చాలాసార్లు పెరికి తీయరు, పల్చటి సిమెంటు పోసి అక్కడే పూడ్చేస్తారు. ఈ కాగితం వచ్చేదాకా పునాది తవ్వనివ్వరు. మాకు ఇప్పుడు ఒక్క ఫోన్ కంపెనీ సంతకం మిగిలింది. హోటల్ మొత్తం దాని కోసం ఆగింది.

పెద్దనాయనకు ఇందులో నేను కొత్తగా నేర్పేది తక్కువే. ఆయన చెలకలోంచే మిషన్ భగీరథ పైపు పోయింది. పెట్రోలు, గ్యాస్ పైపులకైతే 1962 నుంచే మన దేశంలో చట్టం ఉంది: భూమి రైతుదే, కానీ పైపు మీద ఇల్లు, బావి, చెట్టు కుదరదు. ఆయన బాధ పైపుతో కాదు, బండ్ల బాటతో. ఊరి నక్షలో ఆ బాట గీత పక్కోళ్ల పొలం నడుమ నుంచి ఉంది. మా తాత, వాళ్ల అయ్య కూర్చుని మాట్లాడుకుని ఎప్పుడో గట్టు వెంటకు జరుపుకున్నారు. పాత బాట మీద ఇప్పుడు కందిచేను. ఆ పక్కోళ్లు ఆ పొలాన్ని హైదరాబాదాయనకు అమ్మారు. ఆయన కడీలు పాతి ఫెన్సింగ్ వేశాడు. ట్రాక్టర్ పోదు. పాత బాట అడిగితే ఎన్నేళ్లుగానో వాడలేదు కదా అంటాడు, గట్టు బాట అడిగితే ఏ కాగితంలో ఉందో చూపమంటాడు. కొత్తది రాయించుకోకుండా పాతది వదిలేస్తే ఏమవుతుందో డాలస్‌లో మా క్లయింటుకు చెప్పడానికి ఇంతకన్నా మంచి కేసు నాకు దొరకదు.

మీసేవలో సర్వేకు దరఖాస్తు పెట్టాం. కొన్నాయన కొంచెం మెత్తబడి, గట్టు బాటకు సంతకం పెడతాను, రిజిస్ట్రేషన్ ఖర్చు మీరే పెట్టుకోండి అన్నాడట. పెద్దనాయనకు అక్కడ మండింది.

"మీ అమెరికాల పైపు జరిపితే కర్సు ఎవరిదిరా?"

"జరపమని అడిగినోళ్లదే. మాల్ కొన్నాయనే పెట్టుకోవాలె."

"మరి ఈడ కంచె ఏసినోడే కదా బాట జరపమంటున్నది!"

ఆదివారం పోయి ఆయనకు ఇదే చెబుతానన్నాడు. నన్ను కూడా ఫోన్ లైన్లో ఉండమన్నాడు, ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడడానికి.