దాళ్వా లోపు సంతకాలు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆగినవాళ్ళు కాటన్ దొర విగ్రహానికి దణ్ణం పెట్టుకుని కదులుతారు. నేనూ పెట్టుకున్నాను. 1833 కరువుకీ 1839 ఉప్పెనకీ చితికిపోయిన ఈ సీమలో 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించిన మనిషి. ఆయన భక్తిగల క్రైస్తవుడని అందరికీ తెలుసు. కానీ ఈసారి నా మనసంతా ఆ ఆనకట్టకు రాళ్ళు మోసినవాళ్ళ మీదే ఉంది. విలియం బౌడెన్ అనే మిషనరీ ఇక్కడికొచ్చి ఆ కూలీలకు సువార్త చెప్పేవాడు. ఆయనా, జార్జి బీరూ 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి భార్యలతో సహా వచ్చారు. వెనక ఏ సొసైటీ అండా లేదు, నెల జీతం లేదు. తర్వాత ఒకరు పాలకొల్లులో, ఒకరు నర్సాపురంలో కాపురం పెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. ఆనకట్ట కూలీల్లో కొందరు విశ్వాసులయ్యారు.

డెల్టాకి నీళ్ళొచ్చాయి. రాళ్ళు మోసినవాళ్ళలో ఎంతమంది సంతతికి చెక్క భూమి దక్కింది? ఆ ప్రశ్న బుర్రలో పెట్టుకునే రావులపాలెం బస్సెక్కాను.

జొన్నాడ దగ్గర గౌతమి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటితే ఇక దారంతా కోతలే. డిసెంబరు కదా, రోడ్డుకి ఒక పక్కన ధాన్యం ఆరబోశారు, ఇంకో పక్కన ఇళ్ళమీద క్రిస్మస్ స్టార్లు వేలాడుతున్నాయి. పాలకొల్లు దాటాక ఒక ఊళ్ళో దిగాను. నన్ను రమ్మన్నది అక్కడి క్రైస్తవ సంఘ పెద్ద. రిటైరైన స్కూలు మాస్టారు, సొంత భూమి కొంత ఉంది. ఊళ్ళో అందరూ ‘మాస్టారు’ అనే పిలుస్తారు.

నేను వెళ్ళేసరికి కళ్ళంలో కాటా నడుస్తోంది. ఇక్కడ బస్తా అంటే 75 కేజీలు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ వస్తుంది. ఆకాశం మబ్బు పట్టిందంటే రైతుకి టెన్షన్, ఆ టెన్షన్ చూసి బేరం చేసేవాళ్ళకి అదే అదను. తరుగు పేరుతో బస్తాకి ఇంతని కోసేస్తారు. మాస్టారు కాటా పక్కనే కుర్చీ వేసుక్కూచుని ప్రతి బస్తా తూకం తన చేత్తో నోట్‌బుక్‌లో రాసి, కౌలు రైతు చేత పక్కన సంతకం పెట్టిస్తున్నారు. ఆ ధాన్యం ఆయనది కాదు, కౌలు రైతుది. అయినా పొద్దుటినుంచీ అక్కడే ఉన్నారు.

“నేను కూచుంటే తరుగు అడగడానికి మొహమాటపడతారండి. ఈ వయసులో నేను చెయ్యగలిగింది అదే,” అన్నారు.

లేవీయకాండం 19వ అధ్యాయంలో న్యాయమైన తూనికల గురించి ఉంది. చేను అంచుల దాకా కోసెయ్యొద్దనీ, పరిగె బీదవాళ్ళకి వదిలెయ్యమనీ కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ కాటా పక్కన ఆ వాక్యం ఆచరిస్తుంటే చూడడం వేరు. చీకటి పడేలోపు కోత కూలీలందరికీ డబ్బులు ఇప్పించాకే ఆయన కుర్చీలోంచి లేచారు. కూలి సాయంత్రానికే ఇవ్వాలన్నది కూడా ద్వితీయోపదేశకాండం మాటే.

మర్నాడు నర్సాపురం వెళ్ళాను. బేతెస్ద కుష్ఠు ఆసుపత్రి ముందు కాసేపు నిలబడ్డాను. ఇప్పుడంటే బహుళ ఔషధ చికిత్సతో ఆరు నెలల నుంచి ఏడాదిలో నయమైపోతోంది, మందులు ఉచితం. ఆ మందు లేని రోజుల్లో, సొంతవాళ్ళే ఊరవతలికి నెట్టేసినవాళ్ళ పుళ్ళు కడిగి కట్లు కట్టినవాళ్ళ ఓపిక తల్చుకుంటే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

కానీ నర్సాపురంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది లేసు. మిషనరీ కుటుంబాల ఆడవాళ్ళు 19వ శతాబ్దంలో ఇక్కడి స్త్రీలకు ఈ అల్లిక నేర్పారు. ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చన్నది వాళ్ళ ఉద్దేశం. ఇప్పుడు నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, సరుకు విదేశాలకి పోతుంది. అల్లే చేతికి దక్కేది మాత్రం తక్కువ.

అరుగు మీద కూచుని ఒకావిడ టేబుల్ క్లాత్ అల్లుతోంది. సూది ఎంత వేగంగా ఆడుతోందో కంటికి ఆనడం లేదు. దారం ఒరుసుకుని ఒరుసుకుని ఆవిడ ఎడమ చూపుడు వేలిమీద సన్నటి గీత పడిపోయింది. ఆ వేలు చాపి చూపించింది.

“ఏజెంటు దారం తూచి ఇస్తాడమ్మా, అల్లింది తూచి పట్టుకెళ్తాడు. రోజల్లా కూచున్నా వంద దాటడం గగనం. డబ్బులెప్పుడంటే పైనుంచి రాలేదంటాడు,” అంది.

అంతకు ముందే ఆవిడ ఆదివారం కానుక కోసం దాచిన నోటు నాకు చూపించి మురిసిపోయింది. నా కడుపులో కలుక్కుమంది. ఆ కానుక తీసుకునే సంఘానికి ఆవిడ కూలి సంగతి పట్టొద్దా? యాకోబు పత్రికలో బిగబట్టిన కూలి దేవుడికి మొరపెడుతుందని రాసి ఉంది. లేసు వ్యాపారుల్లో మన సంఘాలవాళ్ళూ ఉన్నారు. ఆసుపత్రులు కట్టడం, క్రిస్మస్‌కి చీరలు పంచడం గొప్ప పనులే, కాదనను. కానీ కూలి సరిగ్గా ఇచ్చేస్తే ఆ చీర ఆవిడే కొనుక్కుంటుంది. అది మొదట జరగాలి.

సంతోషం కలిగించిన ఇల్లు కూడా ఒకటి చూశాను. లేసు వ్యాపారం చేసే ఒక కుటుంబంలో కోడలు పిల్ల, ఏ డిజైనుకి ఎంత ఇస్తారో కాగితం మీద రాసి వీధి గుమ్మం పక్కన అంటించింది. సరుకు తెచ్చిన రోజే లెక్క కట్టి ఇచ్చేస్తోంది. మొదట్లో మామగారు ఒప్పుకోలేదట. “ప్రార్థన చేసి మరీ గొడవపడ్డానండి,” అంది.

ఆదివారం రొట్టె విరిచే ఆరాధన అయ్యాక మాస్టారు సంఘంలో భూమి ఉన్నవాళ్ళని ఆగమన్నారు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకి 11 నెలల కార్డు ఇస్తారు. దానికి భూయజమాని సంతకం కావాలి. కార్డుంటే కౌలు రైతుకి బ్యాంకు అప్పుకి దారి దొరుకుతుంది. తుపానుకి చేను పడిపోతే ఆ పరిహారం సాగుచేసినవాడి చేతికొస్తుంది. కార్డు లేకపోతే పెట్టుబడి పెట్టి మునిగేది ఒకరు, డబ్బు అందేది ఇంకొకరికి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానుల భయం. ఆ కార్డుతో భూమి మీద హక్కేమీ రాదని మాస్టారు చట్టం కాగితం తెచ్చి చదివి వినిపించారు.

ఒకాయన లేచి, “ఇవన్నీ మందిరంలో మాట్లాడాల్సినవా మాస్టారూ?” అన్నాడు.

“మరెక్కడ మాట్లాడాలి బాబూ? ఒకే రొట్టె ఇప్పుడేగా పంచుకున్నాం. నీ కౌలు రైతు నీ వెనక బల్లమీదే కూచున్నాడు,” అన్నారు మాస్టారు.

కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఇద్దరు అక్కడికక్కడే సంతకం పెట్టారు. ఒకాయన అన్నదమ్ములతో మాట్లాడాలన్నాడు, అది నిజమైన ఇబ్బందే. ప్రశ్న వేసినాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, దాళ్వా, అంటే రెండో పంట ఊడ్పుల లోపు చెప్తానన్నాడు. మాస్టారు వాళ్ళ పేర్లు ఆ కాటా నోట్‌బుక్‌లోనే రాసుకున్నారు. ఊడ్పులు మొదలయ్యాక ఫోన్ చేసి ఆ కాగితం ఏమైందో అడుగుతానని మాస్టారికి చెప్పి బస్సెక్కాను.