పదిహేడు ఏడీ?

మా బడి పాత పిల్లోళ్ళ కలయికకు రెండు పేజీలు రాయమని కమిటీవాళ్ళు మూడుసార్లు ఫోన్ చేసినారు. ఎనిమిది, తొమ్మిది తరగతులు నాకు గుర్తే లేవు. మిగిలిందల్లా ఈల సారు, గండికోట నడక. డిసెంబరు కలయికలో మళ్ళీ అదే నడక పెట్టినారంట కాబట్టి నడకకు సారు పెట్టిన కట్టుబాట్లే రాస్తాండా. బొరుగుల మూట సంగతి రాయను, మనవళ్ళు చదువుతారు.

జమ్మలమడుగు నుంచి కోటకు 15 కిలోమీటర్లు. బస్సు దిగంగానే నంబర్లు. సారు ఏనాడూ తలలు లెక్కపెట్టలేదు. తలలు లెక్కపెడితే పక్క ఊరి పిల్లోడు కూడా లెక్కలో కలుస్తాడు. ఎవరి నంబరు వాళ్ళు వరసగా అరవాల, గొంతు ఎక్కడ ఆగితే తప్పిపోయింది వాడే. దిగుడుకు ముందొకసారి, దిగినాక ఒకసారి, సద్ది తిన్నాక తప్పకుండా ఇంకొకసారి. తిన్నాకే కదా మనోళ్ళు చెట్లచాటుకు పోయేది!

అందరికన్నా మెల్లగా నడిచేవాడు సారు వెనకాలే, రెండోవాడుగా నడవాల. వాన్ని చివర పెడితే వాడు వచ్చి చేరేసరికి మిగిలినోళ్ళు అలుపు తీర్చుకుని లేస్తారు, వానికి మాత్రం కూర్చునే గడియే దొరకదు. చివర గట్టోడు, తాడూ మందుల సంచీతో. వాని వెనక ఎవరూ ఉండగూడదు.

ధాన్యాగారం నీడలో పది నిమిషాల పాఠం: 1652, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా, ఆయన్ను చూడ్డానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే. కూర్చున్నప్పుడే పాఠం. నడుస్తా చెబితే వినేవాడు కాళ్ళకింద చూడడు.

లోయ అంచున రెండు నిలువుల దూరంలో ఆగాల. కిందికి చూడాలంటే బోర్లా పడుకుని తల మాత్రం ముందుకు పెట్టాల. ఒకప్పటి ఇసుకే గట్టిపడి ఈ ఎర్రరాయి అయింది. పొరలు అడ్డంగా, పగుళ్ళు నిలువుగా ఉంటాయి కాబట్టి పెట్టెలు పేర్చినట్టు విడిపోతుంది. చివరి పెట్టె కింద ఏమీ లేకపోవచ్చు. సారు కర్రతో కొట్టి చూసేవాడు. ఖణేల్‌మంటే సరే, డొల్లగా మోగితే వెనక్కి.

దిగేటప్పుడు ఒకరి నెత్తిమీద ఒకరు ఉండగూడదు. కిందోళ్ళు పక్కకు తప్పుకున్నాకే పైవాళ్ళు కదలాల. రెండు చేతులు, రెండు కాళ్ళల్లో ఎప్పుడూ మూడు రాతిమీద ఉండాల. రాయి జారితే "రాయీ" అని కేక. కేక విన్నోడు పైకి చూడగూడదు, సంచి నెత్తిన పెట్టుకుని గోడకు అతుక్కుపోవాల. మనోళ్ళు సగంమంది పైకే చూసినారు, ఆ తిట్లు ఎవరూ మరిచిపోయి ఉండరు.

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. ఒక లీటరు అయిపోతే ఎక్కడున్నా వెనక్కి తిరగాల్సిందే. పది దాటితే రాయి పెనం మాదిరి కాలుతుంది, లోయలో గాలి ఆడదు, ఎక్కడానికి దిగినదానికి రెండింతల సేపు పడుతుంది. సద్దికి జొన్నరొట్టె, ఊరుబిండి. పప్పన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది. మజ్జిగలో ఉప్పు కాస్త ఎక్కువే. మైలవరం డ్యాం నీళ్ళు వెనక్కి తన్నితే ఒడ్డు రాళ్ళన్నీ పాచి పడతాయి కాబట్టి పెన్నలో స్నానాలు లేవు.

గాలేరు–నగరి కాలవ సర్వేలో నా కింద పాతికమంది పనిచేసినారు. నడి ఎండాకాలంలో కూడా ఒక్కరినీ ఆస్పత్రికి మోసింది లేదు. ఆ కాలవ నీళ్ళే ఈ పొద్దు గండికోట రిజర్వాయరులో నిలబడినాయి. రిటైర్మెంటు సభలో అదెట్లా సాధ్యమైందని అడిగితే జేబులోంచి ఈల తీసి చూపించినా.

డిసెంబరులో నంబర్లు పాతవే, మార్చేది లేదు. అంచుదాకా వస్తాం గానీ లోయలోకి దిగేది లేదు, మోకాళ్ళు పాతవి కావు కదా. బీపీ మాత్రలు సంచి అడుగున గాదు, పై జేబులో పెట్టుకోండి. తిన్నాక నంబర్లు పిలిచేది నేనే. పదిహేడో నంబరు ముందు సీట్లో, నా పక్కన.