తునికాకు, జింకు రేకు: ప్రింట్‌మేకింగ్‌లో నా రెండేళ్ల చదువు

ప్రింట్‌మేకింగ్, అంటే ప్లేటు మీద బొమ్మ చేసి దాన్ని కాగితం మీద అచ్చు తీసే కళ, నేర్చుకోవడానికి లలితకళల పీజీ అయిన ఎం.ఎఫ్.ఏ.లో చేరాను. మొదటి సెమిస్టరులో జరిగిన మొదటి రివ్యూలో మా మేడం నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగారు. గోడకు అతికించిన నా నాలుగు ప్రింట్లను చాలాసేపు చూసి, "ఈ బొమ్మను పెన్సిల్‌తో వేసినా ఇలాగే ఉండేది కదా, మరి జింకు ప్లేటు మీద ఎందుకు చేశావు?" అన్నారు. ఆ నాలుగింటిలోనూ బీడీలు చుడుతున్న మా అమ్మ ఉంది. గీత బాగానే కుదిరిందనీ, పోలిక వచ్చిందనీ నేను నమ్మకంగా ఉన్నాను. ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. దాన్ని వెతుక్కోవడానికే నాకు రెండేళ్లూ పట్టింది.

మాది సిరిసిల్ల దగ్గర ఒక ఊరు. మా వైపు చాలా ఇళ్లలో మగవాళ్లు సాంచాల (మరమగ్గాల) మీద, ఆడవాళ్లు బీడీల మీద బతుకుతారు. హైదరాబాద్‌లో నాలుగేళ్ల బి.ఎఫ్.ఏ. డిగ్రీలో స్టిల్ లైఫ్, లైఫ్ స్టడీ, అవుట్‌డోర్ స్టడీ, కంపోజిషన్ అన్నీ క్రమంగా నేర్చుకున్నాను. అక్కడ ఏం వేయాలో ఉపాధ్యాయులే చెప్పేవారు. ఎం.ఎఫ్.ఏ.కు వచ్చాక ఒక బల్ల, ఒక గోడ ముక్క, ప్రెస్ వాడుకునే వంతు నాకు ఇచ్చి, పని నన్నే నిర్ణయించుకోమన్నారు. పెద్ద హాలు, దాని పక్కన ఆమ్లం గది, మధ్యలో చక్రం తిప్పే బరువైన ఎచింగ్ ప్రెస్, గోడ వెంట ప్రింట్లు ఆరబెట్టే అరలు: స్టూడియో అంటే ఇంతే. క్లాసులో కూర్చుని వినే గంటలు వారంలో చాలా తక్కువ. మిగిలిన సమయమంతా మన పనితో మనం ఉండాలి, రెండు వారాలకోసారి దాన్ని అందరి ముందూ పెట్టి మాట్లాడాలి. ఈ చదువులో చేరబోయేవాళ్లకు ముందుగా తెలియవలసింది ఈ స్వేచ్ఛ బరువేనని నా అభిప్రాయం. మొదటి రెండు నెలలు ఆ బరువు కిందే నేను నలిగిపోయాను.

ఎచింగ్ అంటే ఆమ్లంతో లోహపు ప్లేటు మీద గీతలు కొరికించి అచ్చు తీయడం. అది తెలియని వారి కోసం దాని పద్ధతి కొంచెం చెప్పాలి. జింకు ప్లేటు అంచులను ఆకురాయితో వాలుగా అరగదీసి, తేనెమైనం, తారు వంటి బిటుమెన్ కలిపిన గ్రౌండ్ అనే పూతను దాని మీద పలచగా పరుస్తాం. ఆ పూతను సూదితో గీసినప్పుడు లోహం బయటపడుతుంది. ప్లేటును నీళ్లు కలిపిన నైట్రిక్ ఆమ్లంలో దించితే, బయటపడిన చోట మాత్రమే ఆమ్లం లోహాన్ని తింటుంది. గీతల మీద లేచే బుడగలను ఈకతో మెల్లగా తోస్తూ ఉండాలి, లేకపోతే బుడగ నిలిచిన చోట ఆమ్లం సరిగా కొరకదు. ఎంతసేపు ఉంచితే అంత లోతు, ఎంత లోతైతే అంత నలుపు. తరువాత పూతను కిరోసిన్‌తో తుడిచేసి, గీతల్లోకి ఇంకు నింపి, పైన మిగిలిన ఇంకును మస్లిన్ గుడ్డతోనూ చివరికి అరచేత్తోనూ తుడిచి, తడిపి ఉంచిన కాగితాన్ని ప్లేటు మీద వేసి ప్రెస్‌లో నడిపితే గీతల్లోని ఇంకు కాగితంలోకి ఎక్కుతుంది. బొమ్మ ఎడమ కుడులు తారుమారై వస్తుంది. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి తప్ప నీళ్లను ఆమ్లంలో పోయకూడదని మా సీనియర్ అక్క మొదటి రోజే నా చేత మూడుసార్లు చెప్పించింది.

లోతే నలుపు అనే సూత్రాన్ని అతిగా నమ్మి నేను ఒక ప్లేటును పోగొట్టుకున్నాను. అమ్మ ముఖం మీద నీడ గాఢంగా రావాలని గీతలను చాలా దగ్గర దగ్గరగా గీసి, ఇరవై నిమిషాలు ఉంచవలసిన ప్లేటును ముప్పావు గంట ఉంచాను. ఆమ్లం కిందికే కాక పక్కలకూ తింటుంది. రెండు గీతల మధ్య ఉండవలసిన సన్నని లోహపు గట్లు కూలిపోయి, ఆ భాగమంతా ఒకే వెడల్పాటి గుంట అయింది. ఇంకు నిలవడానికి గట్లు కావాలి, గుంట వెడల్పైతే తుడిచేటప్పుడు గుడ్డ లోపలికి దిగి ఇంకంతా ఎత్తేస్తుంది. అందువల్ల నల్లగా రావలసిన ముఖం మధ్యలో పాలిపోయి, అంచుల్లో మాత్రం నల్లటి చారతో వచ్చింది. రెండు వారాల పని పోయిందని ఆ రాత్రి హాస్టల్‌లో ఏడ్చాను. మరుసటి రివ్యూలో ఆ ప్రూఫ్‌ను (పరీక్షగా తీసిన ప్రింట్‌ను) దాచిపెట్టబోతే మేడం దాన్నే గోడకు పెట్టమన్నారు. ఆమ్లం ఎలా పనిచేస్తుందో నాకు అర్థమైనట్టు కనిపించిన మొదటి ప్రింట్ అదేనని ఆమె అన్నారు. అప్పుడు అది ఓదార్పు మాట అనుకున్నాను కానీ ఆమె ఉన్నమాటే చెప్పారు.

ఆ కాలంలోనే లైబ్రరీలో మనవాళ్ల పనిని శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాను. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో మేకలు, చెట్లు, పల్లె మనుషులు ఎంత సన్నని గీతతో నిలుస్తారో తెలిసినప్పుడు, మన ఊరు ఈ పద్ధతికి పరాయిది కాదన్న ధైర్యం వచ్చింది. చిత్తూరు ప్రాంతంలో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, పారిస్‌లోని అటెలియర్ 17 అనే ప్రింట్‌మేకింగ్ స్టూడియోలో పనిచేసిన కృష్ణారెడ్డి నా ఆలోచనను ఇంకా లోతుగా కదిలించారు. శిల్పి కూడా అయిన ఆయన ప్లేటును బొమ్మ గీసుకునే పలకగా చూడలేదు, శిల్పంలాగా ఎత్తుపల్లాలతో చెక్కారు. లిన్సీడ్ (అవిసె) నూనె పాళ్లు మార్చి ఇంకుల చిక్కదనంలో తేడా తెస్తే, మెత్తని, గట్టి రోలర్లతో ఒకే ప్లేటు మీద అనేక రంగులను ఒకేసారి అచ్చు వేయవచ్చు. విస్కాసిటీ ప్రింటింగ్ అనే ఈ పద్ధతి రూపుదిద్దుకోవడంలో ఆయన పాత్ర చాలా పెద్దది. నేను రంగుల జోలికి పోలేదు. ప్లేటును ఒక వస్తువుగా చూడడం మాత్రం ఆయన పని నుంచే నేర్చుకున్నాను.

రెండో సెమిస్టరు సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు నాకు దారి దొరికింది. అమ్మ బీడీలు చుట్టే తునికాకును నీళ్లలో నానబెట్టి, తడి గోనెపట్టాలో చుట్టి పెట్టి, మెత్తబడ్డాక రేకు అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరిస్తుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పనే అయినా, కత్తిరించిన ఆకును ఆ రోజు వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసినప్పుడు దాని ఈనెలు ఎచింగ్ గీతల్లా కనిపించాయి. మామూలు గ్రౌండ్‌లో వాజ్‌లైన్ వంటి కొవ్వు పదార్థం కలిపితే అది గట్టిపడకుండా మెత్తగానే ఉంటుంది. ఆ సాఫ్ట్ గ్రౌండ్ మీద గుడ్డను గానీ ఆకును గానీ పెట్టి ప్రెస్‌లో తేలికగా నొక్కితే, అది తగిలిన చోట పూతను లేపుకుని వస్తుంది. అమ్మ నుంచి ఒక కట్ట ఆకు తీసుకుని హైదరాబాద్ వచ్చాను.

మొదటి పది ప్రయత్నాలూ చెడిపోయాయి. ఆకు ఎండితే ప్రెస్ కింద పొడి అయ్యేది, బాగా తడిస్తే నీరు అడ్డుపడి పూత లేచేది కాదు. ఈనెలు ఉబ్బి ఉండే అడుగు వైపును ప్లేటుకు ఆనించాలని తెలియడానికే నాలుగు ప్లేట్లు ఖర్చయ్యాయి. ఆ మధ్య అమ్మ హైదరాబాద్‌లో ఒక పెళ్లికి వచ్చి, నా స్టూడియో చూస్తానంది. నేను ప్రింట్ కోసం నానబెట్టి పెట్టిన కాగితాల దొంతరను ఏమీ అడగకుండానే వేళ్లతో నొక్కి చూసి, "ఇది ఎక్కువ నానింది బిడ్డా, జర ఆరనియ్యి" అంది. నిజంగానే కాగితం మీద ఇంకా నీటి మెరుపు ఉంది, ఆ స్థితిలో ఇంకు సమంగా పట్టదు. తరువాత ఆకును ఎంతసేపు నానబెట్టాలో, గోనెపట్టాలో ఎంతసేపు ఉంచాలో, అంచు మడిచి చూసి మెత్తదనాన్ని ఎలా తెలుసుకోవాలో నా బల్ల దగ్గరే కూర్చుని చూపించింది. మరునాడు తీసిన ప్లేటులో ప్రతి ఈనె పడింది. మేడం ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అది. అమ్మ చేతి పనిని దూరం నుంచి బొమ్మగా వేయడం మానేశాను, ఆ పనికే ప్లేటు మీద చోటిచ్చాను.

చివరి ఏడాది ఎనిమిది చిన్న ప్లేట్లు చేశాను. ఒక్కో దాని నుంచి ఇరవై అయిదు ప్రతులు తీయాలనుకున్నాను, ఎందుకంటే బీడీ కట్టలో ఇరవై అయిదు ఉంటాయి. డిస్ప్లేకు అయిదేసి చాలు, ఇంత శ్రమ దేనికని ఒక సార్ అభ్యంతరం చెప్పారు. నేను ఒప్పుకోలేదు. ఒకే కదలికను వందలసార్లు చేయడం అంటే ఏమిటో నా చేతులకు తెలియకుండా ఆ పని గురించి చెప్పే హక్కు నాకు లేదని అప్పుడు గట్టిగా అనిపించింది, ఇప్పటికీ అదే నమ్ముతాను. రోజుకు ఎనిమిదికి మించి మంచి ప్రింట్లు రాలేదు కాబట్టి రెండు వందల ప్రతులకు నెల రోజులకు పైగా పట్టింది. జింకు మెత్తని లోహం, పైగా సాఫ్ట్ గ్రౌండ్ గీతలు లోతు తక్కువ. ఇరవయ్యో ప్రతి దాటాక సన్నని ఈనెలు పలచబడసాగాయి. ఆ అరుగుదలను దాచకుండా ఒకటి నుంచి ఇరవై అయిదు వరకు వరుసలోనే వేలాడదీశాను.

రాతపని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే స్టూడియో చదువుకు వచ్చేవారిలో చాలామంది దీనికే భయపడతారు. నా డిసర్టేషన్ మొదటి ప్రతి నిండా నాకే సరిగా అర్థం కాని పెద్ద పెద్ద మాటలు ఉన్నాయి. దాన్ని వెనక్కి ఇచ్చి, నా వర్క్ నోట్‌బుక్ తెమ్మన్నారు మేడం. ప్లేటు కొలత, ఆమ్లంలో ఉంచిన నిమిషాలు, ఆకు నానిన గంటలు, ప్రూఫ్ చూశాక నాకు తోచిన మాట అందులో రోజువారీగా రాసుకున్నాను. ఆ నోట్‌బుక్ నుంచే రెండో ప్రతి వచ్చింది. రోజూ పది నిమిషాలు అలా రాసి పెట్టుకోవడం ఈ చదువులో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిన అలవాటు.

చివరి వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు వరుస చివర నిలబడి, ఇరవై అయిదో ప్రింట్‌ను మొదటిదానితో పోల్చి చూసి, ఇది లోపం కాదా అని అడిగారు. అరిగింది ప్లేటేననీ, అరుగుదల కనిపించకుండా పోతే పని జరిగినట్టే తెలియదనీ, అందుకే దాన్ని ఉంచాననీ చెప్పాను. ఆయన ఇంకేమీ అడగకుండా మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కటీ చూస్తూ వెళ్లారు.

ఇప్పుడు నాకు సొంత ప్రెస్ లేదు. ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఒక స్టూడియోలో వారానికి రెండు రోజులు పనిచేస్తున్నాను. తునికాకు కోత మా వైపు ఎండాకాలంలో జరుగుతుంది. ఈసారి కొత్త ఆకు ఇంటికి రాగానే యాభై ఆకుల కట్ట ఒకటి నాకోసం తీసి పెడతానని అమ్మ చెప్పింది.