నాగావళి నీలం కాదు

సంక్రాంతి సెలవులకి ప్రతి ఏడూ ఒక జాబితా రాసుకోవడం నాకలవాటు. ఈసారి రాసుకున్నవి మూడు. రథసప్తమికి అరసవల్లి వెళ్ళేటప్పుడు వేసుకోడానికి ఎర్ర జాకెట్టు మీద గొలుసుకుట్టు, ముందుగదిలో దిండ్లకి నాలుగు గలీబులు, అమ్మకి బొంత. జాకెట్టు ఇంకా కవర్లోనే ఉంది. గలీబుల గుడ్డ కత్తిరించాను, అంతే. ఇక్కడ రాస్తున్నదంతా బొంత గురించే.

పండక్కి ముందు బీరువా సర్దుతుంటే అడుగు నుంచి అమ్మ పొందూరు చీర బయటపడింది. మీగడ రంగు ఒళ్ళు, ఎర్ర అంచు. కుచ్చిళ్ళ దగ్గర, పవిట దగ్గర చిరుగులు పట్టింది కానీ మిగతా గుడ్డ ఇప్పటికీ చెయ్యేస్తే చల్లగా, మెత్తగా తగులుతోంది. పొందూరు మా శ్రీకాకుళానికి దగ్గరే. అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకి సన్నటి పళ్ళు ఒత్తుగా ఉంటాయి. చెత్తా నలకా వాటికి చిక్కిపోయి పోగులన్నీ ఒక వైపుకి తిరుగుతాయి. ఆ తర్వాతే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టి రాట్నం మీద వడకడం. చిన్నప్పుడు అమ్మతో వెళ్ళి చూసొచ్చి, చేప పళ్ళతో చీరలు చేస్తారని బళ్ళో చెప్తే నన్ను ఒక్కరూ నమ్మలేదు.

అలాంటి చీర మీద కత్తెర పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. పక్కన కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మే విసుక్కుంది. "సిరిగిపోయిన సీర, బీరువాలో ఉంటే ఏటి, ఒంటి మీద ఉంటే ఏటి? కత్తెరేసీ."

వేసేశాను. పైన ఆ చీర, మధ్యలో నాన్న పంచెలు రెండు, కింద నా పాత మంగళగిరి చీర. ముక్కలు కలిపితే అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు వచ్చింది. వరండాలో చాప మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, ముడతలు లేకుండా లాగి, జానెడు జానెడు ఎడంలో పెద్ద టాకాలు వేశాను. ఈ పని నడుము వంచి చెయ్యాల్సిందే, ఇంకో దారి లేదు. బల్ల మీద వేసి చూశాను, కింది చీర జారిపోయి మడత పడింది.

బొంతకి మామూలుగా అంచు వెంట మొదలుపెట్టి లోపలికి సాళ్ళు కుట్టుకుంటూ పోతారు. పొలం దున్నినా సాలే, బొంత కుట్టినా సాలే మా అమ్మకి. నేను కాస్త వంకర పోతే చాలు, "ఓలె, సాలు తప్పినావే" అంటుంది. ఊరికే సాళ్ళు కుడుతూ కూచుంటే నాకు నిద్ర ముంచుకొస్తుంది. అందుకని దాని మీద మన ఏరు కుడదామనుకున్నాను, ఒక మూల నుంచి ఎదుటి మూలకి. అమ్మ నవ్వింది. నాగావళిని బలరాముడు నాగలితో గీశాడని కదా మనవాళ్ళు చెప్పుకునేది. నాగలి గీసిన ఏరు కాబట్టి సాలులోనే కుట్టాలట.

నేను లెక్కలు చెప్పే దాన్ని. స్కేలు లేకుండా పటం గీస్తే నాకు రాత్రి నిద్ర పట్టదు. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టిన దగ్గర్నుంచి కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసే దాకా నాగావళి 256 కిలోమీటర్లు. మూల నుంచి మూలకి పురికొస తాడు వంపులు తిప్పుతూ పరిచాను. ఎక్కడ వంపు పెంచాలో ఎక్కడ తగ్గించాలో చూసుకుని, కొలిస్తే సరిగ్గా 128 అంగుళాలు వచ్చేలా సర్దాను. అంగుళానికి 2 కిలోమీటర్లు. ఆ తాడు వెంట పెన్సిలు గీత. బలరాముడు ఏటి ఒడ్డున పెట్టాడని చెప్పే అయిదు శివాలయాలకీ ఎర్ర దారంతో అయిదు ముడికుట్లు: రాయగడ దగ్గర పాయకపాడు, ఝంఝావతి కలిసే గుంప, సువర్ణముఖీ వేగావతీ వచ్చి కలిసే సంగాం, మా గుడివీధి కోటేశ్వరుడు, చివర కల్లేపల్లి. సముద్రం వైపు నుంచి మొదలుపెట్టి కొండల వైపుకి కుడదామనుకున్నాను. ఎగువ నాకు పెద్దగా తెలీదు, దిగువ తెలుసు, తెలిసిన చోట మొదలుపెడితే చెయ్యి కుదురుతుందని.

ఏరంటే నీలం. ఇంక ఆలోచించలేదు. బజారుకెళ్ళి నీలం దారం అయిదు లచ్చీలు తెచ్చాను. మామూలుగా కొనే దారం ఆ రోజు లేకపోతే కొట్టతను వేరేది చూపించి "ఇదీ అలాంటిదేనమ్మా, రంగు దిగదు" అన్నాడు. ధర సగం. ఆశపడ్డాను, తప్పు నాదే.

పొద్దున్నే ఆరింటికి ఎదురింటి పిన్ని వచ్చి గేటు తడుతుంది. సెలవుల్లో తప్ప నాకు నడక కుదరదు. స్కూలుంటే ఆ టైముకి నేను కుక్కరు ముందుంటాను. కోటేశ్వరుడి గుడి దాకా వెళ్ళి, ఏటి గట్టు పట్టుకుని పాత బ్రిడ్జి వైపు ఒక కిలోమీటరు, మళ్ళీ వెనక్కి. పిన్ని మోకాళ్ళకి అది చాలు. నా బొంత లెక్కలో ఆ కిలోమీటరు అర అంగుళం. అంగుళానికి ఆరు కుట్లు వేస్తున్నాను కాబట్టి మా రోజు వారీ నడక మూడు కుట్లు. పిన్నికి చెప్తే "అంతేనా! మరి నా కాళ్ళు ఇంతలా పీకుతున్నాయేటే?" అంది.

పుష్యమాసంలో మా ఏరు చూడని వాళ్ళకి చెప్తాను. ఆరింటికి ఏమీ కనబడదు, మంచు. బ్రిడ్జి స్తంభాలు కింద సగమే ఉంటాయి, పైన లారీల మోత వినబడుతుంది కానీ లారీ కనబడదు. ఊరు తూర్పు గట్టున ఉంది కాబట్టి ఎండ ముందు మా మీద పడదు. మా వెనక మేడల మీంచి వచ్చి అవతలి గట్టు చెట్ల తలల మీద పడుతుంది. అప్పుడు మంచు లేస్తుంది. లేచాక చూస్తే ఏరేది? అంతా ఇసుకే. ఆ ఇసుకలో నీళ్ళు రెండు మూడు పాయలై, ఒకటి ఈ గట్టుని రాసుకుంటూ, ఒకటి మధ్యలో, ఇంకోటి ఎక్కడో మొదలై ఎక్కడో ఇంకిపోతూ ఉంటాయి. ఇసుక తిప్ప మీద పిల్లలు అప్పటికే వికెట్లు పాతేసి ఉంటారు. బట్టలుతికే వాళ్ళు మోకాల్లోతు నీళ్ళలో నిలబడి ఉంటారు, ఆ లోతు కోసం వెతుక్కునే నిలబడాలి.

మూడో రోజు నడుస్తూ, నీళ్ళకేసి అదే పనిగా చూశాను. బూడిద రంగు. మధ్య పాయ కొంచెం పాచి ఆకుపచ్చ. గట్టు దగ్గర ఎండ పడ్డ చోట చెరుకురసం రంగు. ఆగస్టు వరదకైతే ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా వస్తుంది. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, నాగావళి నీలంగా ఉండగా ఒక్కసారీ చూడలేదు. మరి చెయ్యి నీలం దారం మీదికే ఎందుకెళ్ళింది? మూడో తరగతి బొమ్మల పుస్తకం, అంతే. బ్రిడ్జి కింద కరెంటు తీగ మీంచి ఒక లకుముకి పిట్ట ధభాల్న నీళ్ళలో పడి లేచింది. ఆ పొద్దున ఏటి మీద నీలం ఉన్నదల్లా దాని వీపు మీదే.

అయినా విప్పడానికి మనసు రాలేదు. అప్పటికే ముప్ఫై అంగుళాలు కుట్టాను, సంగాం వైపు సాగుతున్నాను. పోనీలే, బొంత మీద ఏరు నీలంగా ఉంటే ఎవరు అడుగుతారు అనుకున్నాను. భోగి ముందు రోజు రాత్రి డాబా మీద దండెం మీద ఆరేసిన బట్టలన్నీ తెచ్చాను, దుమ్ము దులిపి అక్కడే వేసిన బొంత మాత్రం మరిచిపోయాను. తెల్లారి భోగిమంట దగ్గర చేతులు కాచుకుంటుంటే గుర్తొచ్చింది. పరిగెత్తుకెళ్ళి చూస్తే మంచుకి తడిసి ముద్దయింది. నీలం దారం రంగు దిగి, మీగడ రంగు చీర మీద కుట్టుకి రెండు వైపులా వేలెడు వెడల్పున పాకింది. రంగు దిగదన్న దారం.

ఎండలో వేస్తే మరక గట్టిపడుతుందని తెలుసు కాబట్టి వెంటనే విప్పడం మొదలుపెట్టాను. పండగ పూట ఇల్లంతా అరిసెల పాకం వాసన, నేను వరండాలో కూచుని చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ కోస్తున్నాను. దారం పూర్తిగా తీసేశాక టబ్బులో చల్లటి నీళ్ళు పోసి నానబెట్టాను. అరగంటకోసారి నీళ్ళు మార్చాను, అయిదు సార్లు. మూడు పొరల గుడ్డ నీళ్ళు పీల్చాక ఎంత బరువవుతుందో ఎత్తితేగానీ తెలీదు. మా అబ్బాయి ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని పిండాం. మరక చాలావరకు పోయింది. సంగాం దగ్గర మాత్రం అరచేయంత లేత నీలం మిగిలింది. మూడు ఏర్లు కలిసే చోటు, కాస్త నీళ్ళుంటే ఉండనీ అని వదిలేశాను.

ఇంక పండగ మూడు రోజులూ అందరికీ తెలిసినవే, రాయను. కనుమ నాడు కాకైనా కదలదని పిన్ని నడకకి రానంది. నేనొక్కదాన్నే వెళ్ళాను. కాకులన్నీ ఏటి దగ్గరే ఉన్నాయి.

దారం కోసం ఈసారి వేరే దారి పట్టాను. చీర చిరుగుల ముక్కలు మిగిలాయి కదా, వాటి నుంచే పోగులు లాగాను. గుడ్డా దారమూ ఒకటే చీరవి కాబట్టి రంగు దిగే భయం లేదు. కానీ మీగడ మీద మీగడ కుడితే ఎవరికి కనబడుతుంది? అమ్మ అడిగిందీ అదే. కుట్టిన చోట గుడ్డ కొంచెం లోపలికి లాగుతుంది, అటూ ఇటూ ఉబ్బుతుంది. పక్క నుంచి వెలుతురు పడితే ఆ గాడి కనబడుతుంది. ఇసుకలో ఎండిన పాయ జాడ ఎలా ఉంటుందో అలా. దాని పక్కనే నీళ్ళున్న చోట మాత్రం, మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్న మంచి దారం, బూడిద రంగులో కాస్త ఆకుపచ్చ ఉన్నది, వాడాను. లచ్చీలో దారానికి ఆరు పోగులుంటాయి. ఊరి దగ్గర ఏరు ఎలా చీలిపోతుందో అలా పోగులు విడదీసి, ఒంటిపోగుతో మూడు పాయలు కుట్టాను. ఒంటిపోగు కాబట్టి మెల్లగా లాగాలి, లేకపోతే తెగుతుంది. ఎగువన తోటపల్లి బ్యారేజి దగ్గర మాత్రం నీళ్ళు నిలుస్తాయని ఆరు పోగులూ కలిపి లావుగా కుట్టాను. ఆ లావు దారం మూడు పొరల్లోంచి దూరక సూది బెజ్జం దగ్గర విరిగింది. రెండో సూది మా ఎదురింటి పిన్నిది, ఇంకా తిరిగివ్వలేదు.

ఊరి మురుగు కాలువ ఏట్లోకి దిగే చోటు ఒకటుంది. నడకలో అక్కడికి వచ్చేసరికి పిన్నీ నేనూ మాటలాపి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా దాటుతాం. పండగ తర్వాత అక్కడ ప్లాస్టిక్ విస్తళ్ళు, కవర్లలో కట్టి విసిరిన పూజ పూలు, పగిలిన భోగి కుండలు కూడా చేరాయి. ఇంటికొచ్చి చెప్తే అమ్మ బొంతకేసి చూసి, "అదీ కుట్టు మరి. నల్లది" అంది. కోటేశ్వరుడి ఎర్ర ముడి పక్కన ఒకే ఒక్క నల్ల కుట్టు ఉంది. అడిగిన వాళ్ళకి చెప్తాను, అడగని వాళ్ళు దాన్ని చీర మచ్చ అనుకుంటారు.

ముక్కనుమ నాడు అబ్బాయి స్కూటీ మీద కల్లేపల్లి తీసుకెళ్ళాడు. మణినాగేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని ఇసుకలో నడిచి మొగ దగ్గరికి వెళ్ళాం. పెన్సిలు గీతలో నేను ఏటిని బాణంలా తిన్నగా సముద్రంలోకి పంపించేశాను. మేము వెళ్ళిన రోజు అదలా లేదు. ఇసుక దిబ్బ అడ్డొస్తే పక్కకి తిరిగి, దిబ్బ వెంట కొంత దూరం పాకి, పల్చబడి, అలలొచ్చి తోసినప్పుడు వెనక్కి కూడా వస్తోంది. ఎక్కడ ఏరు అయిపోయిందో ఎక్కడ సముద్రం మొదలైందో అబ్బాయి నీళ్ళు నాలిక మీద వేసుకుని చూసి చెప్పాడు: "ఇక్కడ ఉప్పు, ఇక్కడ కాదు, ఇక్కడ ఉప్పు." ఇంటికొచ్చి చివరి రెండు అంగుళాలు మళ్ళీ విప్పాను. ఈ సెలవుల్లో కుట్టినదాని కంటే విప్పిందే ఎక్కువ.

నిన్నటితో సెలవులు అయిపోయాయి. ఏరు కల్లేపల్లి నుంచి గుంప దాకా వచ్చింది. అక్కడి నుంచి పైన రాయగడ, కలహండి అంతా ఇంకా పెన్సిలు గీతే. అంచుల వెంట సాళ్ళు అసలు మొదలే పెట్టలేదు. వేసవి సెలవులకి చూద్దామని మడత పెట్టి మంచం చివర పెట్టాను.

రాత్రి చలి గట్టిగా ఉంది. పదింటికి అమ్మ గదిలోకి తొంగి చూస్తే బొంత కప్పేసుకుని పడుకుని ఉంది.

"అమ్మా, అది ఇంకా అవలేదు. గుంప దగ్గర సూది గుచ్చి ఉంచాను, గుచ్చుకుంటుంది, లే."

కళ్ళు తెరవకుండానే అంది: "నాను కల్లేపల్లి కాడ పడుకున్నాన్లే. లైటార్పీ."