డిగ్రీ అడగలేదు, ఫైల్ పంపమన్నారు

కరీంనగర్‌లో ఒక జానపద పాటల స్టూడియోలో నా పని మొదలైంది. చేరిన రోజు అక్కడి అన్న అడిగింది ఒక్కటే: "చెల్లె, కేబుల్ చుట్టుడు వస్తదా?" వస్తదని చెప్పి, బట్టలారేసే తాడు చుట్టినట్టు మోచేతి మీద చుట్టేశాను. ఆయన ఏమీ అనకుండా విప్పి, ఒక చుట్టు మామూలుగా, ఇంకో చుట్టు మణికట్టు లోపలికి తిప్పి వేసి చూపించాడు. అలా చుడితే విప్పినప్పుడు మెలిపడదు, లోపలి తీగ తెగదు. ఆ తర్వాత చాలా నెలలు నా చదువంతా అదే. కేబుళ్లు, మైక్ స్టాండ్లు, సింగర్ చెవిలో సౌండ్ సరిగ్గా వస్తోందో లేదో చూడటం, మధ్యలో చాయ్ తేవడం.

మాది సిరిసిల్ల. నాన్న సాంచాల (మరమగ్గాల) మీద పని చేస్తాడు, అమ్మ బీడీలు చేస్తుంది. 2020 మార్చిలో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాశాను, వెంటనే లాక్‌డౌన్ పడింది. ఇంట్లో కూర్చుని, బావ ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుని రీపర్ అనే పాటల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. దానికి 60 రోజుల ట్రయల్ ఉంటుంది, అయినా ఆ తర్వాత ఆగిపోదు. తెరిచినప్పుడల్లా కొనమని గుర్తు చేస్తుందంతే. డబ్బుల్లేని వాళ్లకు అది పెద్ద వరం. (సంపాదన మొదలయ్యాక కొన్నాను.) అమ్మ, పక్కింటి చిన్నమ్మలు బీడీల చాటలు ముందు పెట్టుకుని పాడే పాటలను ఫోన్‌లో రికార్డు చేసి, వాటి కింద తాళం వేయడం, శ్రుతి కలపడం... అలా అలవాటైంది. వాటిల్లో ఒకటి మా ఊరి సింగర్ అక్క విని, నన్ను కరీంనగర్ తీసుకుపోయింది.

బయటివాళ్లకు మ్యూజిక్ ఇండస్ట్రీ అంటే సినిమానే. తెలంగాణలో యూట్యూబ్ జానపదాల మీద బతికేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ స్టూడియోకి వచ్చాకే నాకూ తెలిసింది. ఇక్కడ పనికి క్యాలెండర్ పండగలే. ఆషాఢం బోనాల పాటలు, వెంటనే గణపతి పాటలు, బతుకమ్మ పాటలకైతే శ్రావణంలోనే ఫోన్లు మొదలు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే సమ్మక్క సారలమ్మ పాటలు. పండగలు లేని నెలల్లో లవ్ ఫెయిల్యూర్ పాటలు ఆదుకుంటాయి. వాటికి మాత్రం సీజన్ లేదు.

ఎలక్షన్లు వస్తే అది వేరే లోకం. 2023 నవంబర్ 30న అసెంబ్లీ పోలింగ్ జరిగింది కదా, దానికి ముందు నెలలో మేం సరిగ్గా నిద్రపోలేదు. ట్రాక్ ఒకటే ఉంటుంది, అభ్యర్థి పేరు, ఊరు, గుర్తు వచ్చే చోట్ల ఖాళీ. సింగర్ వచ్చి ఆ పేర్ల వరకు పంచ్ కొట్టి, అంటే ఆ ముక్కలు మాత్రమే పాడి, వెళ్లిపోతుంది. నాలుగు అక్షరాల పేరుకు కట్టిన బాణీలో ఏడక్షరాల పేరు ఇరికించడమే అసలు సంగీతం! ఆ పనికి డబ్బులు ముందే తీసుకోవాలన్నది అక్కడ అందరికీ తెలిసిన రూలు. పోలింగ్ అయ్యాక ఎవరూ ఫోనెత్తరు.

నాకు అన్నం పెట్టింది మాత్రం డప్పు.

మొదటిసారి డప్పు రికార్డింగ్ పెట్టినప్పుడు అన్న ముందు ఏసీ ఆపమన్నాడు. ఎండాకాలం, గది చిన్నది, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి ఉన్నాయి (వాటివల్ల బయటి చప్పుడు ఆగదు, లోపలి ప్రతిధ్వని కొంత తగ్గుతుందంతే, కానీ ప్రతి ఊళ్లోనూ అంటిస్తారు). ఉక్కపోతకు నేను మళ్లీ ఏసీ వేయబోతే డప్పు కొట్టే తాత ఆపాడు. "బిడ్డా, గీ సల్లగాలికి తోలు సచ్చిపోతది." వరండాలో పాత పేపర్లు, ఎండుగడ్డి అంటించి ఆ సెగకు డప్పు కాపుతారు. వేలితో తట్టి చూస్తూ, మోత కణకణమనే దాకా తిప్పుతూనే ఉంటారు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. కాపి లోపలికి తెచ్చిన వెంటనే కొట్టిన టేకు (ఒక్కసారి తీసిన రికార్డింగ్) ఒకలా ఉంటుంది, రెండు టేకులు గడిచేసరికి తోలు సడలి మోత కిందికి దిగిపోతుంది. చెవికి వెంటనే తెలియదు. మొదటి టేకులో పల్లవి, మూడో టేకులో చరణం తీసుకుని అతికిస్తే అప్పుడు తెలుస్తుంది, రెండు వేర్వేరు డప్పుల్లా. అందుకని పాటలో ఊపు ఎక్కువుండే చోటును ముందు కొట్టించి, ఎన్నోసారి కాపాక తీసిన టేకో ఫైల్ పేరులోనే రాసిపెట్టడం అలవాటు చేసుకున్నాను.

ఇంకో చిక్కు, క్లిక్. స్టూడియోలో అందరూ చెవిలో టిక్కు టిక్కు వింటూ వాయించాలి. తాతకు అది పడలేదు. హెడ్‌ఫోన్ పెట్టిన వెంటనే దరువు బిర్ర బిగిసిపోయేది, తీసేస్తే నదిలా పోయేది. సరే, క్లిక్ లేకుండానే కొట్టించి, ఆ తర్వాత నేనే కూర్చుని ఆయన దరువుకు తగ్గట్టు టెంపో మ్యాప్ గీశాను, అంటే మెషీన్‌నే ఆయన వెంట నడిపించాను. ఒక పాటకు ఒక రాత్రి పట్టేది. మిగతా వాయిద్యాలన్నీ ఆ మ్యాప్ మీదే వేస్తాం.

హైదరాబాద్‌కు దారి పడింది దీనివల్లే. ఒక మ్యూజిక్ డైరెక్టర్ దగ్గర పని చేసే ప్రోగ్రామర్ (కంప్యూటర్‌లో సంగీతం అమర్చే) అన్నకు సినిమా కోసం అసలైన డప్పు ట్రాకులు కావాల్సి వచ్చింది. మా స్టూడియో నుంచి నేనే పంపాను. అన్నీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు, అన్నీ సున్నా నుంచే మొదలు, పేర్లు చదివితే ఏదేమిటో తెలిసేలా, పక్కన టెంపో మ్యాప్. ఆయన ఫోన్ చేసి "ఇవి ఎవరు పంపారు?" అని అడిగాడు. చాలా ఊళ్ల నుంచి వచ్చే ఫైళ్లు ఒక్కోటి ఒక్కో చోట మొదలవుతాయని, "ఆడియో 1, ఆడియో 2, ఫైనల్, ఫైనల్ కొత్తది" అని పేర్లుంటాయని, వాటిని సర్దుకోవడానికే సగం రోజు పోతుందని చెప్పాడు. ఆ తర్వాత అడిగింది, "హైదరాబాద్ వస్తావామ్మా, ఆర్‌ఆర్ పని ఉంది" అని. ఏం చదివావని కాదు. సినిమావాళ్లు నేపథ్య సంగీతాన్ని ఆర్‌ఆర్ అంటారు, రీ రికార్డింగ్. రిలీజ్ దగ్గర పడ్డాక రీళ్లు ఒక్కోటీ వస్తుంటాయి, పగలూ రాత్రీ ఉండదు. యూసుఫ్‌గూడ హాస్టల్ గేటు పదింటికి వేసేస్తారు, కాబట్టి ఆర్‌ఆర్ రోజుల్లో నేను తెల్లారేదాకా స్టూడియో సోఫాలోనే. ఇంట్లో ఈ సంగతి ఒప్పించడానికి నాన్నను ఒకసారి తీసుకొచ్చి స్టూడియో మొత్తం చూపించాల్సి వచ్చింది. అక్కడ ఇంకో ఇద్దరు అమ్మాయిలు పని చేస్తుండటం చూశాకే ఆయన బస్సెక్కాడు.

డిగ్రీ గురించి అడిగింది చుట్టాలు. "కనీసం అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలనన్న కట్టు బిడ్డా" అని మేనత్త ఇప్పటికీ అంటుంది. ఆమె మాట తప్పని నేననను. నాకు అడ్డం రానిది ఇంకొకరికి అడ్డం రావొచ్చు. స్కూల్లో మ్యూజిక్ టీచర్ ఉద్యోగానికో, విదేశాల్లో చదువుకో కాగితం లేకుండా కుదరదు. ఇంకోవైపు నన్ను సమర్థించేవాళ్లు వెంటనే రెహమాన్ పేరు తీస్తారు, ఆయన చదువు మధ్యలో ఆపేశాడు కదా అని. ఆ పోలిక నాకు నచ్చదు. రెహమాన్ గారి నాన్న ఆర్.కె. శేఖర్ మలయాళ సినిమాలకు పని చేసిన సంగీతకారుడు. తమన్ గారి నాన్న డ్రమ్మర్, తాత ఘంటసాల బలరామయ్య సినిమాలు తీసినాయన. ఆ ఇళ్లల్లో పుట్టడమే పెద్ద కాలేజీ. ఆ ఇద్దరూ సొంతంగా సినిమాలు చేయకముందు సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర వాయించారు. మనం పట్టుకోవాల్సింది ఈ ముక్క. చదువు ఆపేయడం వల్ల ఎవరూ పైకి రాలేదు, ఇంకొకరి సెషన్లలో ఏళ్ల తరబడి కూర్చోవడం వల్ల వచ్చారు.

డిగ్రీ అక్కర్లేదంటే కాగితాలే అక్కర్లేదనుకుంటారు చాలామంది. నన్ను ఎక్కువ కష్టపెట్టినవి ఆ వేరే కాగితాలే.

కరీంనగర్‌లో ఉండగానే అమ్మ పాడే ఒక బతుకమ్మ పాట తీసుకుని, పల్లవి అలాగే ఉంచి, చరణాలు అమ్మా నేనూ కలిసి కొత్తగా రాసి, బాణీ మార్చి చేశాను. ఒక ఛానల్ వాళ్లు తీసుకున్నారు. విడుదలయ్యాక చూస్తే సంగీతం అన్నచోట ఛానల్ పేరే ఉంది, సాహిత్యం అన్నచోట "జానపదం" అని ఉంది. అడిగితే "జానపదానికి ఓనర్ ఎవరుంటరమ్మా?" అన్నారు. మాటలో సగం నిజం ఉంది. తాతల కాలం నుంచి వస్తున్న పల్లవి మీద ఎవరికీ హక్కు లేదు. కానీ కొత్తగా రాసిన చరణాలకు, కట్టిన బాణీకి ఉంటుంది, రాసినవాళ్లు బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు. రికార్డింగ్‌కు వేరే హక్కు, అది ఖర్చు పెట్టిన నిర్మాతది. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడటమే ఈ లైన్లో అసలు ఆట.

హైదరాబాద్ వచ్చాక ఒక లాయర్ అక్క దగ్గర కూర్చుని నేర్చుకున్నది ఇదీ. హక్కు రాసివ్వాలంటే సంతకం ఉన్న కాగితం ఉండాలి, నోటిమాట చెల్లదు. ఆ కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం ఐదేళ్లకే అనుకుంటుంది, ఎక్కడెక్కడికో రాయకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. అందుకే వాళ్ల అగ్రిమెంట్లలో "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా" అనే మాటలు ముందే అచ్చేసి ఉంటాయి. అవి కొట్టేయమని అడగొచ్చు. నేను అడిగినప్పుడు కొందరు పాటే వద్దన్నారు, కొందరు పదేళ్లకు ఒప్పుకున్నారు. ఇంకోటి, 2012లో కాపీరైట్ చట్టం మార్చాక రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను కంపెనీకి పూర్తిగా వదిలేస్తున్నట్టు రాసిచ్చినా అది చెల్లదు. ఈ సంగతి తెలియక మా ఊళ్లల్లో ఎంతమంది సంతకాలు పెట్టేశారో.

ఆ రాయల్టీ చేతికి రావాలంటే ఐపీఆర్ఎస్ అనే, రాయల్టీ వసూలు చేసి పంచే సొసైటీలో సభ్యత్వం కావాలి. రాసేవాళ్లకు, బాణీ కట్టేవాళ్లకు, పబ్లిషర్లకు మాత్రమే. సింగర్లకు, వాయించేవాళ్లకు వేరే సొసైటీ ఉంది. నాలాంటి ప్రోగ్రామర్‌కు, డప్పు కొట్టిన తాతకు ఐపీఆర్ఎస్‌లో చోటు లేదు, పాటకు ప్రాణం పోసింది వాళ్లే అయినా సరే. నాకది ఇప్పటికీ మింగుడుపడదు. కాబట్టి వాళ్లకు ఆ రోజు ఇచ్చే కూలే ముఖ్యమైన సంపాదన, దాన్ని బేరమాడకూడదు. నేను బాణీ కట్టిన పాటలు విడుదలయ్యాకే అప్లై చేశాను. పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు, పాటల జాబితా, ఒక్కో పాటలో ఎవరి వాటా ఎంతో. ఆ వాటాల దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే పాట చేసినప్పుడు ఎవరం రాసుకోలేదు. లిరిక్ రాసిన తమ్ముడితో మళ్లీ కూర్చుని సగం సగం అని రాసుకున్నాం. మొదటిసారి వచ్చిన డబ్బు నలుగురం బిర్యానీ తినడానికి సరిపోయింది. అయినా ఆ స్టేట్‌మెంట్‌లో బతుకమ్మ పాట పక్కన అమ్మ పేరు, నా పేరు ఉన్నాయి. అమ్మకు సభ్యత్వం వేరేగా చేయించాను.

సినిమా పనికి ఇచ్చే డబ్బులో పది శాతం టీడీఎస్ అని పన్ను కింద కోసుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేస్తే మన ఆదాయాన్ని బట్టి తిరిగి వస్తుంది. పాన్ ఇవ్వకపోతే ఇంకా ఎక్కువ కోస్తారు. నాతో పనిచేసే కుర్రాళ్లు చాలామంది రిటర్నే వేయరు. నేను క్రమం తప్పకుండా వేశాను, స్పీకర్లు, ఇంటర్‌ఫేస్ కొనడానికి లోన్ అడిగినప్పుడు బ్యాంకు మేనేజర్ చూసింది అవే.

ఈమధ్య కరీంనగర్, జగిత్యాల వైపు పిల్లలు ట్రాకులు పంపి వినమంటుంటారు. విని నాకు తోచింది చెబుతాను, దాంతోపాటు ఒక పేజీ కాగితం కూడా పంపుతాను. పాట పేరు, రాసిందెవరు, బాణీ ఎవరిది, పాడిందెవరు, వాయించింది ఎవరు, ఎవరికి ఎంత శాతం, ఎవరికి ఎంత కూలి, ఛానల్‌కు ఎన్నేళ్లకు ఇస్తున్నాం, వీడియో కింద ఎవరి పేరు ఎక్కడ వేయాలి. కింద అందరి సంతకాలు. స్టెమ్స్ (ఒక్కో వాయిద్యం, గొంతు విడివిడి ఫైళ్లు) మొత్తం పంపేముందు అది పూర్తి చేసుకోమంటాను, అడ్వాన్స్ పడిందో లేదో చూసుకోమంటాను. పాత పల్లవి వాడుకుంటే, అది ఎవరి నోట విన్నారో వాళ్ల పేరు, ఊరు "సేకరణ" దగ్గర రాయమంటాను. ఈ ఏడాది బతుకమ్మ పాటలకు అలా రెండు కాగితాలు నింపి పంపారు. ఒకదాంట్లో డప్పు కొట్టినాయన కూలి గడి ఖాళీగా ఉంది, నింపి మళ్లీ పంపమని చెప్పాను.