అహరోను భుజాల మీది పేర్లు

బైబిల్లోని నిర్గమకాండం 28వ అధ్యాయం వచ్చేసరికి చాలామంది పాఠకులు త్వరగా పేజీ తిప్పేస్తారు. ఆరాధన గుడారపు కొలతలు, పలకలు, దిమ్మలు, తెరలు చదివి అలసిన మనసుకు, మోషే అన్న, మొదటి ప్రధానయాజకుడు అయిన అహరోను బట్టల వివరాలు కూడా మరో జాబితాలాగే తోస్తాయి. నాకు మాత్రం మళ్లీ మళ్లీ తెరవాలనిపించే అధ్యాయాల్లో అది ఒకటి. ప్రాచీన ఇశ్రాయేలు ఆరాధనలో యాజకుడంటే ఎవరు, అతడు దేవుని ఎదుట ఎవరి తరఫున నిలబడతాడు అనే ప్రశ్నలకు ఆ గ్రంథం నేతలోనూ కుట్టులోనూ జవాబు చెబుతుంది.

మన ప్రసంగాల్లో నీలం పరలోకానికి, ధూమ్రవర్ణం రాజరికానికి, ఎరుపు రక్తానికి, తెల్లని నార పవిత్రతకు గుర్తు అని చెప్పడం పరిపాటి. వస్త్రాలకు ఇలా అర్థాలు చెప్పే పద్ధతి చాలా పాతది. మొదటి శతాబ్దపు యూదు రచయితలు ఫిలో, జోసీఫస్ ఇద్దరూ ప్రధానయాజకుని వస్త్రాలలో విశ్వమంతటినీ చూశారు. అంగీ అంచున ఉన్న దానిమ్మకాయలు మెరుపులనీ, గంటలు ఉరుములనీ జోసీఫస్ రాశాడు. ఆ ఊహలంటే నాకు గౌరవమే. అయితే నిర్గమకాండం రంగులకు ఎక్కడా అర్థం చెప్పదు. ఏ వస్త్రం ఎందుకో అది తానుగా చెప్పిన చోట్లు కొన్నే ఉన్నాయి, మన చూపు ముందుగా ఆగవలసింది ఆ చోట్ల దగ్గరేనని నా అభిప్రాయం.

సాధారణ యాజకులకు నాలుగు వస్త్రాలు: చొక్కాయి, దట్టి, కుళ్లాయి, నార లాగు. ప్రధానయాజకునికి వీటితో పాటు ఏఫోదు (భుజాల మీద నుంచి వేలాడే పై వస్త్రం), రొమ్ము మీద ధరించే న్యాయవిధాన పతకం, నీలి నిలువుటంగీ, నుదుటి మీది బంగారు రేకు ఉంటాయి. కుళ్లాయికి బదులు అతడు పాగా చుట్టుకుంటాడు. ఏఫోదు భుజఖండాల మీద బంగారు జవలలో పొదిగిన రెండు రత్నాలుంటాయి. ఒక్కొక్క రాతి మీద ఆరు పేర్ల చొప్పున ఇశ్రాయేలు కుమారుల పన్నెండు పేర్లు, వారు పుట్టిన వరుసలో, ముద్ర చెక్కినట్లు చెక్కి ఉంటాయి. రొమ్ము మీది పతకం జానెడు పొడవు, జానెడు వెడల్పుతో చదరంగా, రెండు మడతలుగా ఉంటుంది. వరుసకు మూడేసి చొప్పున నాలుగు వరుసల రత్నాలలో ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క గోత్రం పేరు ఉంటుంది. అది ఏఫోదు మీద నుంచి జారిపోకుండా పైన బంగారు గొలుసులతోనూ కింద నీలి సూత్రంతోనూ కట్టాలని గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది. పరిశుద్ధస్థలంలోకి వెళ్లినప్పుడల్లా అహరోను ఆ పేర్లను యెహోవా సన్నిధిలో జ్ఞాపకార్థంగా భరించాలి. బంగారు రేకు సంగతీ అంతే: ప్రజలు అర్పించే పరిశుద్ధమైన వాటికి అంటిన దోషాన్ని అతడు తన నుదుట భరించాలి. వెలకట్టలేని ఈ అలంకారం ఆ మనిషిని గొప్పవాడిగా చూపడానికే పెట్టినట్లు నాకు కనిపించదు. లోపలికి నడిచేవాడు ఒక్కడే, అయినా లేవీతో పాటు రూబేను, షిమ్యోను, దాను, నఫ్తాలి కూడా రాతిలో చెక్కిన అక్షరాలుగా అతనితో లోపలికి వెళ్తున్నారు.

ఆ బట్ట ఎలా తయారైందో చూడండి. బంగారాన్ని రేకులుగా కొట్టి, ఆ రేకులను సన్నని తీగలుగా కత్తిరించి, నీల ధూమ్ర రక్తవర్ణాల నూలుతోనూ సన్ననారతోనూ కలిపి నేశారని 39వ అధ్యాయం చెబుతుంది. ఆ నీలం, ధూమ్రం మధ్యధరా తీరంలోని సముద్రపు నత్తల నుంచి తీసిన రంగులు. ఒక్కో నత్తలో దొరికేది అతి స్వల్పం కనుక అవి ఎంతో ఖరీదైనవి. ఎరుపు, ఓక్ చెట్లను పట్టి బతికే చిన్న పురుగు నుంచి వచ్చేది. ఇశ్రాయేలు దేశపు దక్షిణాన తిమ్నా రాగి గనుల దగ్గర దొరికిన ఉన్ని పోగులకు ఇలాంటి నత్త రంగే అద్దారనీ, అవి సుమారు క్రీ.పూ. 1000 నాటివనీ 2021లో పురావస్తు పరిశోధకులు ప్రకటించారు.

రంగు నూలు ఉన్నితో తీసినదనేది యూదు సంప్రదాయం. ఉన్ని, నార కలిపి నేసిన బట్ట వేసుకోకూడదని ద్వితీయోపదేశకాండం ప్రజలందరికీ ఆజ్ఞాపిస్తుంది. అదే కలయిక పరిశుద్ధస్థలానికీ అతిపరిశుద్ధస్థలానికీ మధ్య వేలాడే అడ్డతెరలో ఉంది, ప్రధానయాజకుని ఏఫోదులోనూ ఉంది. అంటే అతడు ఒక విధంగా ఆ మందిరాన్నే ఒంటి మీద ధరించాడు. మరోవైపు సంఖ్యాకాండం 15వ అధ్యాయం ప్రతి ఇశ్రాయేలీయుడూ తన బట్టల అంచున కుచ్చులు పెట్టుకుని వాటికి ఒక నీలి సూత్రం కట్టాలని చెబుతుంది. యాజకుడు నిలువెల్లా తొడిగిన నీలంలో ఒక్క పోగు గొర్రెల కాపరికి కూడా ఉందన్నమాట. ఈ సంబంధం గమనించిన తర్వాత యాజకత్వాన్ని ప్రజలకు ఎడంగా నిలిపిన హోదాగా నేను చదవలేకపోయాను.

నిలువుటంగీ అంచున దానిమ్మకాయ ఒకటి, బంగారు గంట ఒకటి, మళ్లీ దానిమ్మకాయ, మళ్లీ గంట. అతడు లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ, చావకుండునట్లు, ఆ ధ్వని వినబడాలి. యెరూషలేంలో ఆలయపు గుట్ట దగ్గరి పురాతన మురుగు కాలువలో 2011లో ఒక చిన్న బంగారు గంట దొరికింది. బట్టకు కుట్టుకోవడానికి దానికి కొక్కెం కూడా ఉంది. అది, చెర తర్వాత తిరిగి కట్టిన రెండవ ఆలయ కాలానిదే గానీ ప్రధానయాజకుని అంగీ నుంచే జారిపడిందని చెప్పడానికి ఆధారం లేదు. అలాంటి నిశ్చయమైన ప్రకటనలను నమ్మి పంచుకోవద్దని నా మనవి.

ఇంత వైభవమూ ఏడాదికి ఒక దినాన పక్కకు తప్పుకుంటుంది. ప్రాయశ్చిత్త దినాన ప్రధానయాజకుడు అడ్డతెర లోపలికి, మిగిలిన ఏడాదంతా ఎవరూ అడుగుపెట్టని చోటికి వెళ్లేటప్పుడు, లేవీయకాండం 16వ అధ్యాయం ప్రకారం నార చొక్కాయి, నార లాగు, నార దట్టి, నార పాగా మాత్రమే ధరిస్తాడు. బంగారం లేదు, రత్నాలు లేవు, గంటలు లేవు. పని ముగిశాక ఆ నార బట్టలను అక్కడే విడిచిపెట్టాలి. ఆ రోజు అతడు అయిదుసార్లు స్నానం చేసి వస్త్రాలు మార్చుకునేవాడని మిష్నా (యూదు రబ్బీల మౌఖిక బోధల సంకలనం) వివరిస్తుంది. ఎవరి తప్పుల కోసం ప్రాయశ్చిత్తం చేస్తున్నాడో ఆ జనంలో తానూ ఒకడు కనుక, ముందు తన కోసమూ తన ఇంటివారి కోసమూ కోడెను వధించిన మనిషి కనుక, ఆ సాదా నారే ఆ దినానికి తగిన వస్త్రమని నేను అనుకుంటాను.

ఆ వస్త్రాలు ఒక మనిషి సొత్తు కావని సంఖ్యాకాండం 20వ అధ్యాయం కళ్లకు కట్టిస్తుంది. సర్వసమాజం చూస్తుండగా మోషే, అహరోను, అహరోను కుమారుడు ఎలియాజరు హోరు కొండ ఎక్కుతారు. మోషే తన అన్న ఒంటి మీది వస్త్రాలు తీసి ఆ కుమారునికి తొడుగుతాడు. అహరోను ఆ కొండ శిఖరాన చనిపోతాడు, పదవి బట్టలతో పాటు కిందికి దిగివస్తుంది. బబులోను చెర నుంచి తిరిగివచ్చిన తరంలో జెకర్యా ప్రవక్త చూసిన దర్శనం కూడా వస్త్రాల గురించే: ప్రధానయాజకుడైన యెహోషువ మలిన వస్త్రాలతో దూత ఎదుట నిలబడి ఉంటాడు, వాటిని తీసివేసి ప్రశస్తమైన వస్త్రాలు తొడిగించమని ఆజ్ఞ వస్తుంది. పాడైన బట్టలకు కూడా ఆలయంలో చోటుండేదని మిష్నా చెప్పే ఒక చిన్న వివరం నాకు ఎంతో ఇష్టం: యాజకుల పాత లాగులనూ దట్టీలనూ చింపి, పర్ణశాలల పండుగ రాత్రులలో ఆలయ ఆవరణను వెలిగించే పెద్ద దీపాలకు వత్తులుగా వాడేవారట.

ఆ వస్త్రాల బరువు రోమా అధికారులకు కూడా బాగా తెలుసు. ప్రధానయాజకుని వస్త్రాలను ఆలయం పక్కనే ఉన్న అంటోనియా కోటలో, రాతి గదిలో, ముద్రలు వేసి తమ అధీనంలో ఉంచుకుని, పండుగకు ఏడు రోజుల ముందు మాత్రమే ఇచ్చేవారనీ, పండుగ కాగానే వెనక్కి తీసుకునేవారనీ జోసీఫస్ రాశాడు. బట్టలు లేనిదే సేవ లేదు, కనుక తాళం చెవి ఎవరి చేతిలో ఉంటే పండుగ వాళ్ల దయ మీద నడిచేది. సిరియా అధిపతి వితెల్లియస్ వాటిని యూదులకు తిరిగి ఇప్పించాడు. కొన్నేళ్లకు ఫాదస్ అనే అధిపతి మళ్లీ కోటలో పెట్టమన్నప్పుడు యూదు ప్రతినిధులు రోముకు వెళ్లి క్లౌదియ చక్రవర్తికి మొర పెట్టుకున్నారు, క్రీ.శ. 45లో వారికి అనుకూలంగా ఉత్తరువు వచ్చింది. పాతికేళ్లకు, 70లో, ఆలయం కాలిపోయింది. అప్పుడు పట్టుబడిన ఫీనెహాసు అనే ఆలయ కోశాధికారి యాజకుల చొక్కాయిలనూ దట్టీలనూ, అడ్డతెర మరమ్మతు కోసం దాచిన ధూమ్ర రక్తవర్ణాల నూలునూ రోమీయులకు అప్పగించి ప్రాణం దక్కించుకున్నాడు.