ఊపిరి లెక్క: బారిటోన్ హ్వొరొస్తోవ్‌స్కీ

ఒపెరాలో, అంటే ఆర్కెస్ట్రాతో పాటగా నడిచే నాటకంలో, మగగొంతుల్లో బారిటోన్ నడిమిది. పైన టెనర్, కింద బాస్. మన లెక్కలో ఒకటో శ్రుతికి పాడే విద్వాంసుడి మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా అనుకోవచ్చు. అంత వరకు మనకి కొత్తేం కాదు. కష్టం ఎక్కడంటే, మైకు లేకుండా, అరవై డెబ్బై వాద్యాలు మోగుతుండగా చివరి వరసకి వినిపించాలి.

అందుకు గొంతు చించుకుంటే లాభం లేదు. ఆర్కెస్ట్రా బలం ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. సాధన చేసిన మగగొంతుకి 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక మెరుపు వస్తుంది. వాద్యాలు అక్కడ పలచన కాబట్టి గొంతు ఆ సందులోంచి బయటపడుతుంది.

ఇంకో చిక్కు మలుపు, గొంతు కింది స్వరాల తీరు నుంచి పై స్వరాల తీరుకి మారే చోటు. ఇటాలియన్లు పస్సాజ్జో అంటారు. బారిటోన్‌కి అది సుమారుగా తార షడ్జం, గాంధారం మధ్య. అక్కడ నోరు బార్లా తెరిచి 'ఆ'ని అలాగే పైకి లాక్కెళ్తే స్వరపేటిక పైకి లేచి పాట కాస్తా కేకవుతుంది. మలుపుకి ఒక స్వరం ముందు నుంచే 'ఆ'ని కాస్త 'ఓ' వైపు ఒంచాలి. వినేవాళ్లకి మాత్రం అది 'ఆ'లాగే ఉండాలి. మరీ ముందే మూసేస్తే గొంతు మసకబారుతుంది.

రష్యన్ బారిటోన్ ద్మీత్రీ హ్వొరొస్తోవ్‌స్కీ 1962లో సైబీరియాలోని క్రాస్నొయార్స్క్‌లో పుట్టాడు, చదువూ అక్కడే. 1989లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో జరిగిన గాయకుల పోటీలో అక్కడివాడే అయిన బ్రిన్ టెర్ఫెల్‌ని దాటి గెలిచాడు. (టెర్ఫెల్‌కి అదే ఏడు పాటల బహుమతి దక్కింది. అదేం పోటీయో!) 1995లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో (మెట్) చైకోవ్‌స్కీ ఒపెరా 'ఇస్పేటు రాణి'లోని యెలెత్‌స్కీ పాత్రతో మొదలుపెట్టాడు.

యెలెత్‌స్కీ పాట నిదానంగా నడుస్తుంది, వాక్యాలు పొడుగు. పక్కటెముకలు విచ్చుకున్నవి విచ్చుకున్నట్టే నిలిపి గాలిని పొదుపుగా వదలాలి. మొదటి రెండు మాటలకే సగం ఖర్చయితే చివర్లో శ్రుతి జారుతుంది. ఇంకొకరు రెండుసార్లు ఊపిరి తీసుకునే చోట ఈయన ఒక్కసారితో సరిపెట్టేవాడు. పీల్చేటప్పుడు సద్దు వినిపించేది, విమర్శకులు దాన్నే పట్టుకున్నారు. అంత గాలి అంత తొందరగా నింపుకుంటే సద్దు రాకుండా ఎలా ఉంటుంది?

ఇటలీ స్వరకర్త వెర్దీ పాత్రలకి ఈ గొంతు బరువు చాలదన్న మాట మాత్రం కొట్టిపారేయలేం. ఆస్థాన విదూషకుడు రిగొలెత్తో లాంటి పాత్రలో ఆర్కెస్ట్రా విరుచుకుపడే చోట ఆయన గొంతు బిగపట్టి పాడటం తెలిసిపోతుంది. అదే వెర్దీ ఒపెరా 'ఇల్ త్రొవతోరే'లో లూనా కౌంట్ పాడే 'ఇల్ బాలెన్' అయితే మలుపు దగ్గరే తచ్చాడే పాట. పొడవాటి ఊపిరి ఉన్నవాడిదే అక్కడ రాజ్యం.

2015 జూన్‌లో మెదడులో కణితి బయటపడింది. గొంతు బాగానే ఉంది, దెబ్బతిన్నది నిలదొక్కుకోవడం. ఆ సెప్టెంబరు చివర్లో మొదలుపెట్టి మెట్‌లో లూనాగా మూడు ప్రదర్శనలిచ్చి, చికిత్సకి లండన్ వెళ్లిపోయాడు. మొదటి రాత్రి చివర్లో ఆర్కెస్ట్రావాళ్లే తెల్లగులాబీలు వేదిక మీదికి విసిరారు. 2017 మే 7న మెట్ ఉత్సవానికి చెప్పాపెట్టకుండా వచ్చి, రిగొలెత్తో కూతురి కోసం ఆస్థానంవాళ్ల మీద మండిపడి, ఆపైన బతిమాలుకునే 'కోర్తిజాని' పాడాడు. ఆ నవంబరు 22న లండన్‌లో పోయాడు, యాభై అయిదేళ్లకి.